నాగసాకి సీతాకోకచిలుక ఉత్తరాయణం

1823లో ఫిలిప్ ఫ్రాంజ్ ఫాన్ సీబోల్డ్ అనే జర్మన్ వైద్యుడు నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న దీవిలో అడుగుపెట్టాడు. జపాన్ విదేశీయులకు తలుపులు మూసి అప్పటికి దాదాపు రెండు శతాబ్దాలు. యూరప్ వాళ్లలో ఒక్క డచ్చివాళ్లకే అక్కడ వ్యాపారం చేసుకునే వీలుండేది, అదీ ఆ దీవి హద్దుల్లోనే. డచ్చి కొలువులో వచ్చిన సీబోల్డ్ వైద్యం చేస్తూనే ఆ దేశపు మొక్కలనూ జంతువులనూ పురుగులనూ పోగుచేశాడు. వాటిలో అరచేయంత వెడల్పున్న ఒక నల్లని సీతాకోకచిలుక ఉంది. 1824లో అతను దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. తనకు సుమారు యాభై ఏళ్ల ముందు అదే దీవిలో వైద్యుడిగా పనిచేసిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త థున్‌బర్గ్ పేరే ఆ నామంలో నిలిచింది. జపాన్ జనం మాత్రం దాన్ని నాగసాకి అగెహా అంటారు. ఇంగ్లీషులో గ్రేట్ మార్మన్. మన ఈశాన్య రాష్ట్రాల నుంచి ఇండోనేషియా దీవుల దాకా ఉండే ఉష్ణమండలపు జాతి ఇది. మన నిమ్మ, బత్తాయి తోటల్లో కనిపించే బ్లూ మార్మన్‌కు దగ్గరి చుట్టం. సీబోల్డ్ కాలంలో జపాన్‌లో దాని నివాసం దక్షిణాన ఉన్న క్యూషూ, ఆ కిందనున్న దీవులే. ఇవాళ అది టోక్యో పెరళ్లలో గుడ్లు పెడుతోంది. నాగసాకికీ టోక్యోకూ మధ్య దాదాపు వెయ్యి కిలోమీటర్లు.

ఈ ప్రయాణాన్ని ఒక చరిత్రగా చదవాలి. అలా చదివితే తేలే విషయం ఒకటుంది. ఉష్ణమండలపు సీతాకోకచిలుకలు ఉత్తరానికి దారితప్పి రావడం ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా జరుగుతున్నది అవి అక్కడ నిలదొక్కుకోవడం. వచ్చిపోయే అతిథికీ కాపురం పెట్టిన వాడికీ మధ్య ఉన్న గడప పేరు చలికాలం. దూరం, సముద్రం, తిండి ఎప్పుడూ ఆ గడపంత గట్టిగా అడ్డుపడలేదు. కాబట్టి నాగసాకి అగెహా ఏ ఏడు ఎక్కడ స్థిరపడిందో చెప్పే చిట్టా, పరోక్షంగా, జపాన్ చలికాలాల చిట్టా కూడా. ఈ మాటకు అడ్డు చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల వాదాల్లో బలమూ ఉంది. వాటన్నిటినీ తూచి చూసిన తర్వాత కూడా చలికాలం వైపే ముల్లు మొగ్గుతుందని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు కాలక్రమం చూద్దాం. సీబోల్డ్ చూసిన జపాన్‌లో, అంటే ఎదో పాలన కాలంలో, ఈ జాతి ఉత్తరపు హద్దు క్యూషూ. 1940 ప్రాంతానికి అది హోన్షూ దీవి పడమటి కొసనున్న యమగుచిలోనూ, షికోకు దీవిలోని ఎహిమెలోనూ స్థిరపడింది. 1945 నాటికి కోచి చేరింది. 1960 – 1980 మధ్య అవాజి దీవి, ఆ తర్వాత ఒసాకా పరిసరాలు, 2000 దాటాక టోక్యో చుట్టూ ఉన్న కాంతో మైదానం. ఈ వరసలో మొదటి మెట్టే అన్నిటికన్నా ఆలోచింపజేస్తుంది. క్యూషూకీ హోన్షూకీ మధ్య కన్మోన్ జలసంధి ఉంది. ఇరుకైన చోట దాని వెడల్పు ఒక కిలోమీటరు కూడా లేదు. ఇంత పెద్ద రెక్కలున్న జీవికి అది నిమిషాల్లో దాటే దూరం. సీబోల్డ్ రాసిన తర్వాత వందేళ్లకు పైగా ఆ హద్దు అక్కడే ఆగింది. ఆ కొద్దిపాటి నీటిని దాటి అవతల కాపురం పెట్టడానికి శతాబ్దం పట్టింది, అక్కడి నుంచి టోక్యో దాకా ఉన్న వందల కిలోమీటర్లకు అరవై ఏళ్లు చాలాయి. నీళ్లే అడ్డమైతే ఈ లెక్క కుదరదు. జలసంధికి అవతల మరేదో ఆపింది, ఆ ఆపినది క్రమంగా సడలింది.

దూరం అడ్డు కాదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం కూడా జపాన్‌లోనే ఉంది. చెస్ట్‌నట్ టైగర్ అనే సీతాకోకచిలుక రెక్కల మీద సిరాతో గుర్తులు రాసి వదిలే పని అక్కడ 1980ల నుంచి సాగుతోంది. ఇందులో పాల్గొనేవాళ్లలో బడిపిల్లల నుంచి పదవీ విరమణ చేసిన ఉద్యోగుల దాకా ఉన్నారు. 2011 అక్టోబరులో వకయామాలో గుర్తు వేసి వదిలినదొకటి ఆ ఏడాది చివర్లో హాంకాంగ్‌లో దొరికింది. సుమారు 2,500 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం సముద్రమే. ఇక టైఫూన్ గాలులు ప్రతి వేసవిలోనూ దక్షిణపు జాతులను తెచ్చి క్యూషూలోనూ హోన్షూలోనూ పడేస్తాయి. జిల్లేడు ఆకులు తిని పెరిగే ప్లెయిన్ టైగర్, గంగవాయిలి కూర మీద పెరిగే డనాయిడ్ ఎగ్‌ఫ్లై, రేల చెట్టు ఆకులు తినే ఎమిగ్రెంట్ — తెలుగు నేల మీద ఏ పొలం గట్టునైనా కనిపించే ఈ మూడూ జపాన్ పరిశీలకుల పుస్తకాల్లో దారితప్పి వచ్చినవాటి జాబితాలో ఉన్నాయి. అనువైన మొక్క దొరికితే అవి గుడ్లు పెడతాయి, ఒక తరం పెరుగుతుంది, ఒక్కోసారి రెండో తరమూ పెరుగుతుంది. శీతాకాలం రాగానే ఆ వంశం అక్కడితో ఆగిపోతుంది. మరుసటి ఏడు మళ్లీ గాలే తేవాలి. ఇలా తరతరాలుగా వస్తున్నా ప్రధాన దీవుల్లో ఇవి స్థిరపడలేకపోయాయంటే, రాకను స్థిరనివాసంగా మార్చే శక్తి గాలికి లేదనేగా అర్థం.

చలి ఎలా అడ్డుపడుతుందో కాస్త వివరంగా చూడాలి. పురుగుకు తన వేడిని తానే పుట్టించుకునే ఏర్పాటు మన ఒంట్లోలా ఉండదు. చుట్టూ ఉన్న గాలి చల్లబడితే దాని ఒంటి పనులన్నీ మందగిస్తాయి, ఒక హద్దు దాటితే ఒంట్లోని ద్రవాలు గడ్డకట్టి చచ్చిపోతుంది. సమశీతోష్ణ దేశాల సీతాకోకచిలుకలు దీనికి ఒక దారి కనుక్కున్నాయి. శరదృతువులో పగటి పొద్దు తగ్గడాన్ని గొంగళిపురుగు పసిగడుతుంది. అప్పుడు కట్టే ప్యూపా వెంటనే రెక్కలు విప్పకుండా నెలల తరబడి నిద్రావస్థలో ఉండిపోతుంది, ఆ నిద్రలో దానికి చలిని తట్టుకునే సత్తా పెరుగుతుంది. ఏడాది పొడవునా వెచ్చగా ఉండే చోట పుట్టిన చాలా జాతులకు ఈ విద్య లేదు. ప్లెయిన్ టైగర్ అలాంటిదే. నాగసాకి అగెహాకు ఆ నిద్ర తెలుసు, కానీ ఆ నిద్రకూ ఒక మోతాదు ఉంది. కొమ్మకు అతుక్కుని కదలకుండా ఉన్న ప్యూపా చలి ముదిరితే వెచ్చని చోటికి పారిపోలేదు. అందుకే ఈ జాతి ఉత్తరపు హద్దు అంటే, ఆ ప్యూపా మూడు నాలుగు నెలలు ప్రాణాలతో వేలాడగలిగిన చిట్టచివరి ఊరు.

ఈ మాట ఊహ దగ్గరే ఆగిపోలేదు. జపాన్ పరిశోధకులు రెండు వైపుల నుంచి దీన్ని పరీక్షించారు. ఒక బృందం ఈ జాతి కొత్తగా చేరిన చోట్ల ఉష్ణోగ్రతల రికార్డులు తీసి పోల్చి చూసింది. ఏ దశాబ్దంలో చూసినా సరిహద్దు ఊళ్లలో ఏడాది సగటు ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలు, అతి చలి నెల సగటు 4, 5 డిగ్రీల మధ్య ఉంటోంది. ఊరు మారుతోంది, అంకె మారడం లేదు. అంటే ఒకే ఉష్ణోగ్రత రేఖ ఉత్తరానికి జరుగుతుంటే సీతాకోకచిలుక దాని వెంటే వెళుతోంది. మరో జంట పరిశోధకులు పాత నివాసాల నుంచీ కొత్త నివాసాల నుంచీ ప్యూపాలు తెచ్చి వాటి నిద్రావస్థనూ చలి తట్టుకునే శక్తినీ పోల్చారు. ఉత్తరాన స్థిరపడ్డవి దక్షిణపు వాటికన్నా గట్టిపడిన దాఖలా కనిపించలేదు. పురుగు మారలేదు కాబట్టి మారింది దాని చుట్టూ ఉన్న చలికాలమే అన్న నిర్ణయానికి రావడానికి ఈ రెండు ఆధారాలూ కలిసి దారితీస్తాయి. ఏ ఒక్కటీ విడిగా సరిపోదు. రెండూ రెండు వైపుల నుంచి వచ్చి ఒకే చోట కలవడంలోనే వాటి బలం ఉంది.

ఇక అభ్యంతరాలు. మొదటిది, చూసే కళ్లు పెరిగాయి కాబట్టి కనిపించడం పెరిగిందన్నది. చాలా దేశాల విషయంలో ఈ అనుమానం న్యాయమైనదే. అరుదైన చిన్న జాతుల విషయంలో జపాన్‌లోనూ న్యాయమైనదే. నాగసాకి అగెహా విషయంలో మాత్రం నిలవదు. గిఫు పట్టణంలో నవా కీటక పరిశోధన సంస్థ 1896లోనే పుట్టింది. జపాన్ సీతాకోకచిలుకల సంఘం 1945 నుంచి నడుస్తోంది. వేసవి సెలవుల్లో పురుగులు పట్టి అట్టల మీద గుచ్చి బడికి తీసుకెళ్లడం అక్కడి పిల్లలకు తరతరాల అలవాటు. అరచేయంత నల్లని రెక్కలు వేసుకుని పట్టపగలు మందారాల మీద వాలే జీవి టోక్యోలోనో ఒసాకాలోనో కాపురముంటే ఇన్ని వేల కళ్లు దశాబ్దాల పాటు గమనించకపోవడం జరగని పని. అదీగాక, చూపరులు పెరగడమే కారణమైతే కొత్త రికార్డులు జనం ఎక్కువున్న నగరాల్లో చెల్లాచెదురుగా పుట్టాలి. ఇక్కడ అవి నైరుతి నుంచి ఈశాన్యానికి ఒక వరుసలో సాగాయి.

రెండో అభ్యంతరం తిండి గురించి. తోటలు పెరిగాయి, గొంగళిపురుగులకు ఆకు దొరికింది, అందుకే వచ్చాయంటారు. ఈ జాతి గొంగళిపురుగు తినేది నిమ్మ, నారింజ జాతి చెట్ల ఆకులు. ఆ చెట్లు ఉత్తరాన కొత్తగా నాటినవి కావు. వకయామా కమలాలకు ఎదో కాలంలోనే పేరు, అక్కడి నుంచి ఓడల మీద రాజధానికి వెళ్లేవి. షిజువోకా, ఒదవరా ప్రాంతాల తోటలూ పాతవే. టోక్యో ఇళ్ల పెరళ్లలో నిమ్మ జాతి చెట్లున్నాయి, వాటి మీద చలికి అలవాటుపడిన స్థానిక అగెహా సీతాకోకచిలుకలు ఎప్పటి నుంచో పెరుగుతూనే ఉన్నాయి. అంటే విస్తరి ముందే వేసి ఉంది, నాగసాకి అగెహా మాత్రం రాలేకపోయింది. అయితే ఈ అభ్యంతరాన్ని అన్ని జాతుల విషయంలోనూ కొట్టేయలేం. ఇండియన్ ఫ్రిటిలరీ కూడా ఇలాగే ఉత్తరానికి జరిగింది. 1980ల దాకా పడమటి జపాన్‌కే పరిమితమైన ఇది 2000 దాటాక టోక్యో మైదానంలో మామూలైపోయింది. దీని గొంగళిపురుగు వయొలెట్ మొక్కలు తింటుంది, అదే కుటుంబానికి చెందిన పాన్సీ పూలమొక్కలనూ వదలదు. చలికాలంలో పార్కుల్లో, ఇళ్ల ముందు కుండీల్లో పాన్సీలు విరివిగా పెంచడం దానికి కలిసొచ్చిందనడం నిజమే. కానీ అడవి వయొలెట్లు జపాన్ అంతటా ముందు నుంచీ ఉన్నాయి. ఈ జాతి ఎక్కువగా గొంగళిపురుగు రూపంలో చలికాలం గడుపుతుంది. చలి చంపే చోట పాన్సీ దాన్ని బతికించలేదు. బతికే వీలున్న చోట మాత్రం పాన్సీ దాని సంతతిని పెంచింది. కాబట్టి తోటకు వంతు ఉంది, కానీ చలికాలం తర్వాతే దాని వంతు.

మూడోది, మనుషులే తెచ్చి వదిలి ఉంటారన్న అనుమానం. ఇది కూడా గాలి మాట కాదు. రెడ్ రింగ్ స్కర్ట్ అనే సీతాకోకచిలుక ఇందుకు ఉదాహరణ. జపాన్‌లో దీని సొంత తెగ దక్షిణాన అమామి దీవుల్లో ఉంటుంది. 1990ల్లో టోక్యో పరిసరాల్లో కనిపించినవి మాత్రం చైనా వైపు తెగ లక్షణాలతో ఉన్నాయి. ఎవరో పెంచి వదిలారని నిపుణులు తేల్చారు. 2018లో ప్రభుత్వం దాన్ని హానికర విదేశీ జాతుల జాబితాలో చేర్చింది. ఈ ఉదాహరణ వల్లే రెండు రకాల రాకలను వేరు చేసే గీటురాయి దొరుకుతుంది. మనిషి వదిలినది మధ్యలో ఉన్న వందల కిలోమీటర్లను తాకకుండా ఒక్కసారిగా ఒక చోట పుట్టుకొస్తుంది, ఎక్కడి నుంచి తెచ్చారో ఆ ఊరి ముద్ర దాని రెక్కల మీద ఉంటుంది. నాగసాకి అగెహా మెట్టు మెట్టుగా, పొరుగు జిల్లా నుంచి పొరుగు జిల్లాకు, వెచ్చని కురోషివో ప్రవాహం తగిలే తీరాల మీదుగా కదిలింది. ఎవరైనా సీతాకోకచిలుకల ప్రేమికులు అక్కడక్కడా కొన్నిటిని వదిలినా, ఆరు దశాబ్దాల పాటు ఇంత క్రమంగా, ఒకే ఉష్ణోగ్రత రేఖను అనుసరిస్తూ వదిలారని నమ్మడం కష్టం.

నాలుగో అభ్యంతరం నగరాల వేడి. టోక్యో సగటు ఉష్ణోగ్రత నూరేళ్లలో సుమారు 3 డిగ్రీలు పెరిగింది, అందులో పెద్ద వాటా కాంక్రీటుదీ తారు రోడ్లదీ. అలాంటప్పుడు సీతాకోకచిలుక చెబుతున్నది భూగోళం కథ కాదు, ఊరి కథేనంటారు. ఊరి వేడి దానికి సాయపడిందని ఒప్పుకోవాలి. కానీ నగరాల ప్రభావం తక్కువగా ఉన్న 15 కేంద్రాలను ఎంచుకుని జపాన్ వాతావరణ సంస్థ వేసే లెక్కలో కూడా దేశపు సగటు నూరేళ్లకు దాదాపు 1.3 డిగ్రీలు పెరిగింది. నగరం అవసరం లేని సాక్షి కూడా ఒకటుంది. వరినీ పండ్లనూ పాడుచేసే పచ్చ నల్లి జాతి పురుగు 1960ల్లో వకయామా దక్షిణ భాగంలో ఆగిపోయేది. జనవరి సగటు 5 డిగ్రీలకు తగ్గే చోట అది చలికాలం దాటలేదని అప్పటి పరిశోధనల్లోనే తేలింది. సుమారు నలభై ఐదేళ్ల తర్వాత అదే ప్రాంతంలో మళ్లీ వెతికితే దాని హద్దు దాదాపు 85 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగింది. అందానికి ఎవరూ దాన్ని పెంచరు, ఎవరూ ప్రేమతో వదలరు. సీతాకోకచిలుక చెప్పిన సాక్ష్యాన్నే రైతుకు గిట్టని ఒక పురుగు కూడా చెప్పడం ఈ వాదానికి ఎంతో బలం.

పురుగే మారి ఉండవచ్చు కదా అన్న చివరి అభ్యంతరానికి ప్యూపాల పరీక్ష కొంత జవాబిచ్చింది. అయితే ఏ జాతీ మారదని దాని అర్థం కాదు. మన పచ్చిక బయళ్లలో నేలకు ఆనుకుని ఎగిరే పేల్ గ్రాస్ బ్లూకు జపాన్‌లో ఉత్తరపు అంచు అవొమోరి జిల్లాలోని ఫుకవురా. అక్కడ 1998 తర్వాత కొన్నేళ్ల పాటు రెక్కల మచ్చలు వింతగా సాగిన సీతాకోకచిలుకలు ఎక్కువగా కనిపించాయి. ప్రయోగశాలలో చలి తగిలించిన ప్యూపాల నుంచి కూడా అలాంటి మచ్చలే వచ్చాయి. సరిహద్దులో బతుకు ఒంటి మీద ముద్ర వేస్తుందని ఇది చెబుతోంది. ఆ ముద్ర వేసిన చెయ్యి ఇక్కడా చలిదే కావడం గమనించాలి.

కొత్తగా స్థిరపడినవాళ్లు పాతవాళ్ల బతుకును ఎలా మారుస్తారన్నది ఈ చరిత్రలో అందరికీ పట్టని అధ్యాయం. దక్షిణపు ర్యూక్యూ దీవుల్లో అది స్పష్టంగా కనిపిస్తుంది. ఈశ్వరి తీగ తిని పెరిగే కామన్ రోజ్ ఒంట్లో విషం ఉంటుంది, ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ దాని జోలికి పోదు. కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగే కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చంగా ఆ విషపు రూపమే ధరిస్తాయి, మిగిలినవి మగవాటిలా ఉంటాయి. ఈ రెండు జాతులూ తెలుగు పెరళ్లలో పక్కపక్కనే ఎగురుతాయి. కామన్ రోజ్ 1960ల చివర్లో యయేయమా దీవుల్లో స్థిరపడి, 1970ల్లో మియాకో దీవి చేరి, తర్వాత ఒకినావా దాటి ఉత్తరానికి సాగింది. మియాకోలో అది కుదురుకున్న కొన్నేళ్లలోనే అక్కడి కామన్ మార్మన్ ఆడవాటిలో దాని వేషం వేసేవాటి పాలు పెరిగింది. విషమున్న అసలు మనిషి లేని ఊళ్లో వేషం ఎవరినీ భయపెట్టదు. అసలుది వచ్చాక ఆ వేషం ప్రాణం నిలిపింది. ఒక జాతి హద్దు దాటితే మరో జాతి రూపమే మారిపోతుందని జపాన్ పరిశోధకులు కళ్లముందే చూశారు. దారితప్పి వచ్చి చలికి రాలిపోయే అతిథి వల్ల ఇది ఎన్నటికీ జరగదు. స్థిరనివాసమే చరిత్రను మారుస్తుంది.

ఇంత చెప్పాక, అందమైన జీవి కొత్త ఊళ్లకు రావడంలో బాధపడాల్సింది ఏముందని ఎవరైనా అడగవచ్చు. టోక్యో పిల్లలకు నాగసాకి అగెహా కనిపించడం సంతోషమే. కానీ వెచ్చదనం పంచిపెట్టే లాభం అందరికీ సమంగా అందదు. దక్షిణపు జాతికి ఉత్తరాన ఖాళీ నేల ఉంది. హొక్కైడోలోని దైసెత్సు పర్వతాల మీద, ఆ పక్క శిఖరాల మీద మాత్రమే జపాన్‌లో బతికే పసుపు రెక్కల పార్నాసియస్ అనే సీతాకోకచిలుకకు ఎక్కడికి వెళ్లాలన్నా పైన ఆకాశమే. 1965 నుంచి చట్టం దాన్ని జాతీయ సహజ స్మారకంగా కాపాడుతోంది. వలవేసే చేతుల నుంచి చట్టం కాపాడగలదు, కరిగే చలి నుంచి కాపాడలేదు. కొత్తగా వచ్చినవాటి లెక్క ఊరూరా కనిపిస్తుంది కాబట్టి తేలిగ్గా తెలుస్తుంది. తగ్గిపోతున్నవాటి లెక్క కావాలంటే ఎవరో ఒకరు వాటి పాత హద్దు ముందే రాసిపెట్టి ఉండాలి. జపాన్‌లో ఈ చరిత్ర రాయడం సాధ్యమైందంటే, 1824లో ఒక వైద్యుడూ ఆ తర్వాత వేలాది మంది ఉపాధ్యాయులూ పిల్లలూ తాము చూసినదాన్ని ఊరు, తేదీ వేసి రాసుకోవడం వల్లే. వాళ్లలో ఎవరూ వాతావరణం గురించి రాస్తున్నామని అనుకోలేదు. తెలుగు నేల మీద మన పెరటి మార్మన్లకూ జిల్లేడు పొదల టైగర్లకూ అలాంటి చిట్టా ఊరూరా మొదలుపెడితే, మన నేలా మన ఎండా ఎలా మారాయో నూరేళ్ల తర్వాత తెలుసుకోవాలనుకునేవాళ్ల చేతిలో ఊహలకు బదులు ఆధారాలు ఉంటాయి.